వరుస భూకంపాలు వచ్చినప్పుడు, భూమి లోపల కదిలిన భ్రంశం (రాతి పొరలు జారే పగులు) ఏదో ఎలా కనిపెడతారు?

పెద్ద భూకంపాన్ని చూసి కాదు, దాని వెనకే వచ్చే చిన్న ప్రకంపనలను చూసి. పెద్దదాని తీవ్రత అంకె అందరికీ గుర్తుంటుంది; భ్రంశం బొమ్మ గీసేవి మాత్రం చిన్నవే.

చదువుకునే రోజుల్లో ఒక వేసవంతా నేల కదలికను గీసే సిస్మోమీటర్ గీతల్లో ముందు వచ్చే పి, దాని వెనక వచ్చే ఎస్ తరంగాలు ఎక్కడ మొదలయ్యాయో గుర్తు పెట్టడమే నా పని. రెండింటి మధ్య ఎన్ని సెకన్లుంటే, దాన్ని 8తో గుణిస్తే ప్రకంపన పుట్టిన చోటు దాదాపు అన్ని కిలోమీటర్ల దూరం. పి చటుక్కున దొరుకుతుంది. ఎస్ మాత్రం పి తోకలో కలిసిపోయి ప్రాణం తీస్తుంది. వందల ప్రకంపనలకు అలా గుర్తులు పెట్టి పటం మీద చుక్కలు వేస్తే, గుప్పెడు ఇసుక చల్లినట్టుంది. భ్రంశం జాడే లేదు.

మా గురువుగారు చూసి, "చుక్కలను జతలుగా పోల్చు" అన్నారు. పక్కపక్కనే పుట్టిన రెండు ప్రకంపనల తరంగాలు ఒక స్టేషనుకు, అంటే సిస్మోమీటర్ పెట్టిన చోటుకు, దాదాపు ఒకే దారిలో వస్తాయి. ఆ దారిలోని రాళ్ల గురించి మన అంచనా తప్పినా, తప్పు రెండింటికీ సమానం కాబట్టి తీసివేతలో పోతుంది. లెక్క తిరగవేసి, నేలను నిలువుగా కోసినట్టు చూశాను. చుక్కలు ఒక వాలుగీతలో సర్దుకున్నాయి! దానికి అడ్డంగా మరో పొట్టి గీత కూడా ఉంది.

ఒక్కో స్టేషనులో నేల తొలి కదలిక పైకా, కిందికా అన్నది చూసి లెక్కిస్తే, భ్రంశం కాగల రెండు తలాలు ఒకదానికొకటి లంబంగా వస్తాయి. జారింది ఏదో ఆ లెక్క చెప్పలేదు. 2019 జూలైలో కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర 4న 6.4, మర్నాడు 7.1 తీవ్రతతో భూకంపాలు వస్తే, చిన్న ప్రకంపనలు దాదాపు లంబంగా ఉన్న రెండు దిక్కుల్లోనూ బారులు తీరాయి. ఒక్క భ్రంశమే అనుకుని వెతికితే అక్కడ సగమే దొరికేది.

వార్తల్లో తరచూ వినపడే "10 కిలోమీటర్ల లోతు" చాలాసార్లు కొలిచింది కాదు. లోతు తేలనప్పుడు లెక్కలో ముందే పెట్టుకునే అంకె. దాన్ని పట్టుకుని గంటలోపే ఫలానా భ్రంశమని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. లోతు తేలాలంటే ప్రకంపనలకు దాదాపు నడినెత్తిన స్టేషను ఉండాలి, అదీ వెంటనే పెట్టాలి. పదో రోజుకు ప్రకంపనలు మొదటి రోజువాటిలో సుమారు పదోవంతుకు పడిపోతాయి. అనుమతుల కాగితాలు బల్లలు మారి, మా పరికరాలు నేల మీద దిగేసరికి పన్నెండో రోజు. ఆ అడ్డగీతలో నాకు దక్కినవి 19 చుక్కలే.