ఆటవెలదితో మొదలుపెట్టండి

ప్రశ్న: మాస్టారూ, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఛందస్సంటే టెన్షన్. ఎలా నేర్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఉత్పలమాల అనే పద్యరీతితో మాత్రం వద్దమ్మా. నా క్లాసులో ఎప్పుడూ ఆటవెలది అనే పద్యరీతే ముందు. వేమన పద్యం ‘ఉప్పు కప్పురంబు’లో రెండో పాదం తాళం వేస్తూ చదివించండి: చూడ/ చూడ/ రుచుల/ జాడ/ వేరు. అవే అయిదు సూర్యగణాలు. గణమంటే అక్షరాల చిన్న గుంపు; ‘చూడ’లా ఒక పొడుగు, ఒక పొట్టి అక్షరం, లేదా ‘రుచుల’లా మూడు పొట్టి అక్షరాలు ఉంటే అది సూర్యగణం. నాలుగో పాదానికీ ఇదే కొలత. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (సూర్యగణం కన్నా పెద్దవి).

నాలుగో గణం మొదట యతి కుదరాలి, అంటే పాదం మొదటి అక్షరానికి పొంతన కుదిరే అక్షరం అక్కడ రావాలి. ఇక్కడ ‘చూ’కి ‘జా’తో అచ్చు కలవదు. అందుకే ‘చూడ – జాడ’ అని రెండో అక్షరం ‘డ’ కలిపాడు. అదే ప్రాసయతి. ఇది పిల్లలు సొంతంగా పట్టుకున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! అలంకారాలు తర్వాత చెప్పొచ్చు. టెన్షన్ పోయేలా, గణాల లెక్క లేని వచన కవిత మాత్రం ఈ వారమే ఒకటి రాయించండి.