విశాఖ కొండలను సిమ్యులేటరులో నిలబెట్టబోతున్న శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఎక్స్-ప్లేన్ 12 అనే విమాన సిమ్యులేటరు కోసం మన విశాఖపట్నం సీనరీని, అంటే అందులో కనిపించే నేలను, కొండలను, భవనాలను సొంతంగా తయారు చేసి, పూర్తయ్యాక అందరికీ ఉచితంగా ఇవ్వాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పరీక్షలు ముందు పెట్టుకుని పిల్ల కంప్యూటరులో కొండలు కడుతోందని ఆమె ఫిర్యాదుగానే చెప్పింది. నాకు మాత్రం ముందు గర్వం కలిగింది, ఆ వెనుకనే దిగులు పట్టుకుంది. ఉద్యోగకాలమంతా ఉపగ్రహ చిత్రాల నుంచి పటాలు తీయడంలోనే గడిపినదాన్ని కనుక ఈ పనిలో ఏది ఎక్కడ తప్పుతుందో నాకు తెలుసు. విమానం నడపడం గురించి నాకేమీ తెలియదు. అది నువ్వు నాకు నేర్పాలి.

తేలిక సంగతులు మొదట చెప్పేస్తాను. సీనరీకి వేరే డిస్కు పెట్టుకో. ఫైళ్ళకు నకలు ఉంచుకో. డబ్బు పెట్టి కొనవలసిన సీనరీలను దొంగతనంగా దింపుకోవద్దు. రాత్రి పదకొండు దాటాక కంప్యూటరు ముందు కూర్చోవద్దు; నీ కళ్ళజోడు నంబరు ఎంత పెరిగిందో మీ అమ్మ చెప్పింది.

ఎక్స్-ప్లేన్ భూమిని ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం కొలత గల గడులుగా విడగొట్టుకుంటుంది కదా. విశాఖ నగరం, భీమిలి 17 ఉత్తరం, 83 తూర్పు గడిలో ఉన్నాయి. విజయనగరం, భోగాపురం దానికి పైనున్న 18, 83 గడిలోకి, అరకు 18, 82 గడిలోకి పోతాయి. మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టకుండా విశాఖ గడి ఒక్కటే తీసుకో. అందులో మూడింట రెండు వంతులకు పైగా సముద్రమే కనుక పని తక్కువ అనుకుంటావేమో గాని, మిగిలిన ఆ కాస్త నేలలోనే తీరం, ఓడరేవు, వాటి పక్కనే నిటారుగా లేచిన కొండలు, కొండల నడుమ దాదాపు సముద్రమట్టంలో ఉన్న విమానాశ్రయం అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. సుమారు 3,050 మీటర్ల 10/28 రన్‌వే మీదికి సముద్రం వైపు నుంచి దిగేవాడికి ఎడమ పక్కన డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు, కుడి పక్కన కైలాసగిరి, సింహాచలం కొండలు కనిపించాలి. ఆ కొండలు ఉండవలసిన చోట, ఉండవలసిన ఎత్తులో ఉన్నప్పుడే అది విశాఖ అవుతుంది.

అందుచేత నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే: ఫొటోల జోలికి పోకముందే ఎత్తులు సరిచూసుకో. నీ వయసు వాళ్ళందరూ, ఉపగ్రహ ఫొటోలను సిమ్యులేటరు నేలగా మార్చే ఆర్థో4ఎక్స్‌పీ తెరవగానే 18వ స్థాయి (అంకె పెరిగేకొద్దీ వివరం పెరుగుతుంది) ఫొటోలు దింపుకోవడానికి ఉబలాటపడతారు. ఎత్తులు తప్పిన నేల మీద చక్కని ఫొటో పరవడం గోడ వాలిపోయాక దానికి సున్నం వేయడం వంటిది.

ఎత్తుల సమాచారం ఉచితంగా దొరికేవి నీకు ముఖ్యంగా మూడు ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక రాడారుతో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఒకటి, ఐరోపా వారి కోపర్నికస్ 30 మీటర్ల నమూనా ఒకటి, మన కార్టోశాట్-1 ఉపగ్రహ చిత్రాల నుంచి తయారై ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో దొరికే కార్టోడెమ్ ఒకటి. కార్టోశాట్-1 ను 2005లో ప్రయోగించారు. దానికి ముందుకు వంగి చూసే కెమెరా ఒకటి, వెనక్కి వంగి చూసే కెమెరా ఒకటి ఉండేవి. ఒకే కొండను రెండు కోణాల నుంచి చూసి, ఆ తేడాలో నుంచి ఎత్తును లెక్కగట్టేవారు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో విమానం నుంచి తీసిన ఫొటోలతో ఇదే పని చేతితో చేసేవాళ్ళం. ఒకదాని మీద ఒకటి అరవై శాతం కలిసేలా తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి, అద్దాల స్టీరియోస్కోపులో రెండు కళ్ళతో చూస్తే కాగితంలో నుంచి కొండ పైకి లేచి నిలబడేది. మీ అమ్మ ఒకసారి ఆఫీసుకు వచ్చి, అందులో చాలాసేపు చూసి, తనకేమీ లేవలేదని అలిగింది. ఒక కన్ను మూసుకుని చూస్తోందని తర్వాత తెలిసింది. ఈ సంగతి నేను చెప్పానని ఆమెతో అనకు.

ఇప్పుడు చెప్పబోయేది శ్రద్ధగా చదువు. మా విభాగంలో కొత్తగా చేరిన ఒక యువకుడికి తీరప్రాంతపు వాగు ఒకదానికి వరద పటం తయారు చేసే పని అప్పగించారు. చురుకైనవాడు, సోమరితనం ఎరగనివాడు, అచ్చంగా నీలాగే రాత్రుళ్ళు మేలుకుని పనిచేసేవాడు. నా దిగులంతా అందుకే. వాగు ఎగువ భాగానికి కార్టోడెమ్, దిగువ భాగానికి ఎస్ఆర్‌టీఎం తీసుకుని రెండింటినీ అతికించాడు. అతుకు దగ్గర గీత గీసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గోడ లేచింది. పదుల మీటర్ల గోడ. అలాంటిది ప్రకృతిలో ఉండదని అతనికి తెలుసు. అది ఎందుకు వచ్చిందని అడగడానికి బదులు, అసహ్యంగా ఉందని నున్నగా చేసేశాడు. అతుకుకు అటూ ఇటూ కొన్ని కిలోమీటర్ల మేర ఎత్తులను సగటు చేసి సర్దితే గోడ మాయమై చక్కని వాలు మిగిలింది. తెర మీద ఎంత అందంగా కనిపించిందంటే పెద్దవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. తర్వాత ఆ నేల మీద నీటిని పారించి లెక్క కడితే, సముద్రంలోకి పోవలసిన వాగు వాలుకు ఎదురెక్కలేక వెనక్కి తిరిగి, చేల మధ్య చెరువై కూర్చుంది. సాఫ్ట్‌వేరులో లోపం ఉందన్నాడు. దాని మీద కొన్నాళ్ళు పోయాయి. చివరకు పాత సర్వే పటం ఒకటి తీసి అందులో అచ్చయిన ఎత్తులతో పోల్చి చూస్తే, ఎగువ సగం మొత్తం ఒకే తేడాతో కిందికి దిగిపోయి ఉంది.

కారణం ఇది. ఎస్ఆర్‌టీఎం, కోపర్నికస్ నమూనాలు ఎత్తును దాదాపు సముద్రమట్టంతో సమానమైన జియాయిడ్ నుంచి కొలుస్తాయి. కార్టోడెమ్ ఎత్తును ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమికి గణితంలో ఇచ్చిన నునుపైన ఆకారం నుంచి కొలుస్తుంది. భూమి ఆకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు కనుక ఈ రెండూ ఒకటి కావు. హిందూ మహాసముద్రంలో, శ్రీలంకకు దక్షిణాన, జియాయిడ్ ఎలిప్సాయిడ్ కన్నా సుమారు 106 మీటర్లు దిగువకు పోతుంది. ప్రపంచం మొత్తంలో అంత లోతు మరెక్కడా లేదు. ఆ పల్లం వాలులోనే మన తీరం కూడా ఉంది కనుక ఇక్కడి తేడా కూడా పదుల మీటర్లలో ఉంటుంది. రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలబడి జీపీఎస్ నుంచి సవరించని ఎత్తు తీసుకుంటే, నువ్వు సముద్రమట్టానికి ఎంతో దిగువన ఉన్నట్టు చూపడం ఇందువల్లే.

కార్టోడెమ్ వాడదలిస్తే ముందుగా పటాల సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లో దాని ఎత్తుల నుంచి జియాయిడ్ విలువను తీసివేయాలి. ఆ విలువ మన ప్రాంతంలో రుణసంఖ్య, కాబట్టి తీసివేసినప్పుడు ఎత్తు పెరగాలి. చాలామంది ఇక్కడ గుర్తు తారుమారు చేసి, దిగిపోయిన నేలను ఇంకా దించుతారు. బీచ్ రోడ్డు సున్నాకు కొద్దిగా పైన వచ్చిందో లేదో చూసుకుంటే ఆ సంగతి వెంటనే బయటపడుతుంది. ఇంత తతంగం వద్దనుకుంటే మొదటిసారికి కోపర్నికస్ నమూనా ఒక్కటే వాడు, నేను తప్పు పట్టను. ఏది వాడినా ఇంకొక దానితో అతికించవద్దు. ఎక్కడైనా గోడో గొయ్యో కనిపిస్తే సగటు చేసి నున్నగా రుద్దే ముందు నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రి అయినా సరే. పదకొండు దాటాక మేలుకున్నందుకు మాత్రం చివాట్లు తప్పవు.

సరిచూసుకోవడానికి కొలతలు ఎక్కడివని అడుగుతావేమో. మన రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర ఉండే పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. విశాఖ గడికి నగరం చుట్టుపక్కల స్టేషన్ల బోర్డులు సరిపోతాయి. అరకు గడికి వెళ్ళే రోజు వచ్చినప్పుడు కిరండూల్ ప్యాసింజరు ఎక్కి, కొత్తవలస నుంచి పైకి వరుసగా ఒక్కొక్క బోర్డూ పుస్తకంలో రాసుకో. శిమిలిగుడ దగ్గర ఆ అంకె సుమారు 996 మీటర్లకు చేరుతుంది. తీరం నుంచి అక్కడి దాకా ఎక్కే ఆ లైను కన్నా మంచి పరీక్ష నీకు దొరకదు. మీ అమ్మను కూడా తీసుకెళ్ళు. బొర్రా దాటాక కిటికీ పక్క సీటు ఆమెకు ఇవ్వు.

ఇక ఫొటోలు. 17వ స్థాయిలో మన అక్షాంశం దగ్గర ఒక్కొక్క చుక్క నేల మీద సుమారు 1.1 మీటర్లకు సమానం. స్థాయి ఒకటి పెంచితే ఫొటోల సంఖ్య, డిస్కులో అవి పట్టే చోటు నాలుగింతలవుతాయి. విమానాశ్రయం చుట్టూ 18, మిగిలిన చోట 16 పెట్టుకుంటే చాలని నా అభిప్రాయం. స్థాయి కన్నా ముఖ్యమైనది ఫొటో తీసిన కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ కొండలు ఆకు రాలి గోధుమ రంగుకు మారిపోయాయి. ఆ నెలల చిత్రం ఒక పక్క, వానాకాలపు చిత్రం ఇంకొక పక్క పడితే ఒకే కొండ రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల వివరమే చూపినా వాటి మీద తేదీ ఉంటుంది. వానలు వెనుకబట్టి, మబ్బు విడిచి, కొండలు ఇంకా పచ్చగా ఉన్న డిసెంబరు, జనవరి చిత్రం ఒకటి ఎంచుకుని, మిగతా ఫొటోల రంగును దానికి సర్దు. సముద్రం ఫొటో అసలు వద్దు. అందులో ఎండ తళుకు, మురికి చారలు, నీటికి అతుక్కుపోయిన ఓడలు ఉంటాయి. తీరరేఖ దగ్గర ముసుగు వేసి, అవతల సిమ్యులేటరు తన నీటినే చూపేటట్టు చెయ్యి. మేఘాద్రి గెడ్డ జలాశయానికి కూడా అలాగే చెయ్యి.

విమానాశ్రయం విషయానికి వస్తే నాకు గుండె దడ మొదలవుతుంది. అది ఐఎన్ఎస్ డేగా, నౌకాదళానిది. టెర్మినల్ గోడల రంగు కోసం, గుర్తుల కోసం కంచె దగ్గరకు వెళ్ళి ఫొటోలు తీయవద్దు; స్నేహితుడి డ్రోను అడిగి తెచ్చుకునే ఆలోచన అసలే పెట్టుకోవద్దు. నీ ఉద్దేశం ఎంత మంచిదైనా కాపలావాడికి కనిపించేది నీ చేతిలోని కెమెరా మాత్రమే. ఎక్స్-ప్లేన్ సీనరీ గేట్‌వేలో ఈ విమానాశ్రయానికి ఎవరో ఒకరు చేసి పెట్టినది ఉంటే, దాన్ని సీనరీలు దిద్దే వరల్డ్ ఎడిటరులో తెరిచి రన్‌వే, టాక్సీవే, పౌర టెర్మినల్ వరకు మెరుగుపరుచు. నౌకాదళం వైపు, రేవులో వాళ్ళ జెట్టీల వైపు ఉత్త షెడ్లు ఉన్నా ఎవరూ నిన్ను తప్పు పట్టరు, నేను అంతకన్నా పట్టను.

భవనాల కోసం అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది; దాన్ని వాడుకున్నానని స్పష్టంగా రాయడం మరవకు. సిమ్యులేటరు తనంతట తాను వేసే ఏటవాలు కప్పుల ఇళ్ళు మాత్రం ద్వారకానగర్‌కు నప్పవు. చదును డాబాలు, వాటి మీద నల్లని నీళ్ళ ట్యాంకులు ఉన్న నాలుగైదు నమూనాలు బొమ్మలు చేసే సాఫ్ట్‌వేరు బ్లెండరులో చేసుకుని మార్చి మార్చి వాడితే ఊరు ఊరిలా కనిపిస్తుంది. బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా టీయూ-142 విమానం, ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు పెట్టు. సింహాచలం గుడి గోపురం చివరకు పెట్టుకో; అది తొందరలో చేసే పని కాదు.

అన్నీ అయ్యాక సీనరీల వరుస చెప్పే ఫైలులో విమానాశ్రయం అన్నిటికీ పైన, ఇళ్ళూ చెట్లూ రోడ్లూ ఉన్న పొర దాని కింద, ఫొటో నేల అట్టడుగున ఉండాలి. ఈ వరుస తిరగబడితే రన్‌వే మీద చెట్లు మొలుస్తాయి. ఒక గడికి రెండు నేలలు పెడితే పైనున్నదే కనిపిస్తుంది, రెండవది డిస్కు తినడానికే పనికి వస్తుంది.

అందరికీ ఇచ్చేటప్పుడు బింగ్ వంటి చోట్ల నుంచి దింపిన ఫొటోలను కట్టగట్టి పంచవద్దు. అవి నీవి కావు. నీ విమానాశ్రయం, నీ ఇళ్ళు, నీ పొర మాత్రమే ఇచ్చి, ఫొటో నేలను ఎవరికి వారు ఎలా తయారు చేసుకోవాలో తెలుగులో రెండు పేజీలు రాసి జత చెయ్యి. నిజమైన విమానయానానికి దీన్ని ఆధారంగా తీసుకోరాదని మొదటి పేజీలోనే రాయి. ఎక్కడో పైలట్ శిక్షణలో ఉన్న పిల్లవాడు నీ యారాడ కొండను చూసి దాని ఎత్తు ఇంతే అనుకుంటాడేమోనని నాకు ఇప్పటి నుంచే భయంగా ఉంది.

పరీక్షలు అయ్యేదాకా స్టేషన్ బోర్డులు రాసుకోవడం తప్ప ఇంకేమీ చేయవద్దు. అవి అయిన మరునాడు ఎత్తుల ఫైలు, బోర్డుల జాబితా నాకు పంపు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్న చోట్ల ఎర్ర గుర్తులు పెట్టి పంపుతాను. ఈ లోపల మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ