వైద్య పరిశోధకురాలి గురించి రాస్తున్న అమ్మాయికి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తల్లికీ కడుపులోని బిడ్డకూ కలిపి వైద్యం చేస్తూ, అందులోనే పరిశోధన కూడా సాగిస్తున్న డాక్టరు గారి గురించి రాయాలనుకోవడం మెచ్చుకోదగినదే. కాని మొదటి మూడు పేజీలూ ఆవిడ ఎక్కడ చదివారో, ఏ సదస్సులో ఎవరు శాలువా కప్పారో చెప్పడానికే సరిపోయాయి. అయిదున్నరేళ్ల ఎం.బి.బి.ఎస్., మూడేళ్ల ఎం.ఎస్., ఆపైన ప్రత్యేక శిక్షణ, ఇవన్నీ ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. ఆవిడను ఇన్నేళ్లుగా వదలకుండా వేధిస్తున్న ప్రశ్న ఏమిటన్నది మాత్రం వ్యాసమంతా వెతికినా నాకు దొరకలేదు.

ఇలాంటి వైద్యుల జీవితం మెట్లెక్కినట్టు సాగదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు, పురిటినొప్పులు అసలు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవడానికి గొర్రెల మీద ప్రయోగాలు చేశాడు. గర్భంలోని పిల్లకు కార్టిసాల్ జాతి మందు, అంటే స్టెరాయిడ్, ఎక్కిస్తే గొర్రె ముందుగానే ఈనుతోందని గమనించాడు. అలా నెలలు నిండకుండా పుట్టి, లెక్కప్రకారం బతకకూడని ఒక పిల్ల తెల్లవారాక చూస్తే ఇంకా ఊపిరి తీస్తూ ఉంది. ఆయన వెతికింది నొప్పుల రహస్యం, ఎదురైంది ఊపిరితిత్తుల రహస్యం. పిల్లల వైద్యుడు రాస్ హోవీతో కలిసి 282 మంది తల్లులతో జరిపిన పరీక్ష ఫలితాలను 1972లో ప్రచురించారు. కాన్పుకు ముందు తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే, నెలలు నిండని బిడ్డల్లో ఊపిరాడని జబ్బు బాగా తగ్గింది. అయినా అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సభ ఆ సూదిని విస్తృతంగా వాడమని చెప్పేసరికి 1994 వచ్చింది. నీలాంటివాళ్లు ఆ ఇరవై రెండేళ్లను ‘కాలక్రమేణా’ అన్న ఒక్క మాటతో దాటేస్తారు. నీ డాక్టరు గారి జీవితంలోనూ అలాంటి ‘కాలక్రమేణా’లు ఉంటాయి. అక్కడే ఆగి, ఆ రోజుల్లో ఏం జరిగిందని అడుగు.

మన వైపు ‘ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు’ అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు వారం వారం బలపడతాయి కనుక ఎనిమిదో నెలే నయం. ఈ సంగతి చెప్పి మూఢనమ్మకాన్ని ఖండించేశాననుకోకు. ఆ మాట నమ్మిన అత్తగారికి నీ డాక్టరు గారు ఎలా నచ్చజెబుతారో, ఏ మాట దగ్గర ఆ అత్తగారి గొంతు తగ్గుతుందో, అది కావాలి నాకు.

అంకెల విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. ముప్ఫై ఏళ్ల కిందట ఒక వైద్యుడి గురించి ‘వేలాది ప్రాణాలు నిలిపిన మహనీయుడు’ అని రాసి చూపించాను. ఆయన ఆ ముక్క చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘ఎవరు లెక్కపెట్టారు?’ అని రాసి తిప్పి పంపారు. లెక్కపెట్టిన పనులూ ఉన్నాయి. గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఆపుతుందో లేదో తేల్చడానికి 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. ఆ మందు తీసుకున్నవాళ్లలో ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గింది. పరీక్షలో సగం మందికే ఆ మందు ఇచ్చి, మిగతా సగం మందికి మందు లేని సూది వేశారు. ఎవరికి ఏది వేశారో వేసిన డాక్టరుకూ తెలియదు. ఎదురుగా బీపీ పెరిగి, కాళ్లకు నీరు పట్టిన మనిషి పడుకుని ఉండగా ఇందుకు ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఒప్పుకోకపోతే నిజం ఎలా తేలకుండా పోతుందో, రెండూ రాయగలిగితేనే పరిశోధకురాలు పాఠకుడికి కనిపిస్తుంది.

వార్డులో చిన్న పనులు చూడు. ఆ మందు మరో మోతాదు ఇచ్చేముందు మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తట్టి, కాలు ఎగిరిందో లేదో చూస్తారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడతారు, మూత్రం ఎంత వచ్చిందో కొలుస్తారు. కాలు కదలకపోతే మందు ఆపాలి. నీ వ్యాసంలోని ‘అంకితభావం’ అనే మాటను నాలుగు చోట్లా కొట్టేసి, ఒక్కచోట ఆ సుత్తి పెట్టు.

ఇక రోగి సంగతి. ఆ తల్లి పేరు మార్చావు, బాగుంది. కాని టెక్కలి దగ్గర ఊరనీ, కవలలనీ, సంక్రాంతి ముందురోజనీ రాశావు. ఆ మూడూ కలిపితే మన జిల్లాల్లో బస్సులో పక్కసీటులో కూర్చున్నవాళ్లు ఇంటిపేరుతో సహా చెప్పేస్తారు. ఆవిడ అనుమతి తీసుకో, లేదా ఆ గుర్తులు తీసేయ్.

మళ్లీ డాక్టరు గారిని కలిసినప్పుడు, ఏ ఫలితం చూసి తాము అనుకున్నది తప్పని ఒప్పుకోవలసి వచ్చిందో అడుగు. జవాబుకు ఎంతసేపు పట్టినా మధ్యలో మాట అందించకు. వచ్చే నెల నేను శ్రీకాకుళం కథానిలయానికి వస్తున్నాను, తిరగరాసిన ప్రతి అక్కడికే తీసుకురా.