హైపర్‌థ్రెడింగ్ కోసం అదనంగా డబ్బు పెట్టాలా?

శ్రీకాకుళంలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటున్నానని, రోజువారీ పనికీ గేములకీ హైపర్‌థ్రెడింగ్ పనికొస్తుందా అని అడిగారు.

హైపర్‌థ్రెడింగ్ అంటే ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ (లెక్కలు చేసే భాగం) రెండు పనులను నడిపేలా చేసే ఇంటెల్ పద్ధతి. అది కొత్త కోర్‌ని ఇవ్వదు. ఒక పని మెమరీ నుంచి డేటా కోసం ఆగితే, ఆ ఖాళీలో అదే కోర్ రెండో పనిని అందుకుంటుంది. అందుకే వేగం రెట్టింపు కాదు.

తేడా బాగా తెలిసేది తక్కువ కోర్లున్నప్పుడే. ఇంటెల్ ప్రాసెసర్ ఐ3-9100లో 4 కోర్లు, 4 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). ఐ3-10100లో అవే 4 కోర్లకు 8 థ్రెడ్లు. కొత్త గేముల్లో మధ్యమధ్య వచ్చే కుదుపులు రెండోదానిలో తగ్గుతాయి. 8 కోర్లుంటే గేముల్లో పెద్ద తేడా ఉండదు. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ డెస్క్‌టాప్ చిప్‌ల నుంచి ఇంటెల్ హైపర్‌థ్రెడింగ్‌ని తీసేసింది కూడా.

బ్రౌజింగ్, టైపింగ్‌కైతే టెన్షన్ వద్దు, ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీకి (వేగంగా పనిచేసే స్టోరేజీ డ్రైవ్‌కి) పెట్టండి. పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తే మాత్రం హైపర్‌థ్రెడింగ్ ఉన్నదే తీసుకోండి. షాపులోనే విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి: కోర్ల కంటే లాజికల్ ప్రాసెసర్లు (అంటే థ్రెడ్లు) ఎక్కువ కనిపిస్తే అది ఆన్‌లో ఉన్నట్టే.