జూలో పిల్లాడు ఎన్‌క్లోజర్‌లో పడితే జంతువుకు మత్తు సూది వేసి ఆపలేరా?

చాలాసార్లు ఆపలేరు, ఎందుకంటే సూది తగలగానే జంతువు పడిపోదు. మందు రక్తంలో కలిసి పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు ఆ పోటుకు బెదిరి అది ఇంకా రెచ్చిపోవచ్చు. 2016లో అమెరికాలోని సిన్సినాటి జూలో మూడేళ్ల బాబు కందకంలో పడ్డాడు. హరాంబే అనే 17 ఏళ్ల గొరిల్లా వాణ్ని నీళ్లలో ఈడ్చుకెళ్లింది. మత్తు ఎక్కేదాకా ఆగే వీల్లేక దాన్ని కాల్చేశారు. పాపం, దాని తప్పేమీ లేదు.

కడప నుంచి తిరుపతి జూకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు చాలామంది "కంచె ఉందిగా, ఏం కాదులే" అనుకుంటారు. కంచె ముఖ్యంగా జంతువు బయటికి రాకుండా కట్టింది. పిల్లాణ్ని గోడెక్కించి ఫొటో తీసేటప్పుడు అది కాపాడదు. వాడి భారమంతా పట్టుకున్నవాళ్లదే.