అంకె ఎక్కడ కూర్చుందో చూడు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. కెమిస్ట్రీ ఫార్ములాలు ఎంత బట్టీ పట్టినా పరీక్షలో తికమక పడుతున్నానని రాశావు. బట్టీ మానెయ్. అంకె ఎక్కడ కూర్చుందో చూడటం అలవాటు చేసుకో.

ముందు అక్షరాల సంగతి. పెద్ద అక్షరం కనిపించిన ప్రతిచోటా కొత్త మూలకం మొదలవుతుంది. పెద్ద సి పక్కన చిన్న ఓ ఉంటే కోబాల్ట్ అనే లోహం. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. చేతిరాతకి బద్ధకిస్తే లోహం కాస్తా గాలైపోతుంది! సోడియానికి ఎన్‌ఏ ఏమిటని విసుక్కోకు, అది నేట్రియం అనే లాటిన్ పేరులోంచి వచ్చింది.

ఇక అంకెలు. హెచ్₂ఓ అంటే ఒక నీటి అణువు. కింద ఉన్న 2 దాని ఎడమ పక్కనున్న హైడ్రోజన్‌దే, ఆక్సిజన్‌కి సంబంధం లేదు. అదే 2హెచ్₂ఓ అంటే రెండు అణువులు, మొత్తం నాలుగు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. సమీకరణం తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేసేటప్పుడు, ముందున్న అంకెనే మార్చాలి. చదువుకునే రోజుల్లో నేను ఆక్సిజన్లు సరిపోలేదని టెన్షన్ పడి నీటి ఫార్ములాలో ఓ కింద 2 తగిలించాను. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే వేరే పదార్థమైపోయింది. మాస్టారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, “నీళ్లడిగితే పెరాక్సైడ్ ఇచ్చావు” అన్నారు. ఇప్పటికీ ఆ మాట చెవిలోనే ఉంది.

బ్రాకెట్ బయటి అంకె లోపలున్న అందరికీ వర్తిస్తుంది. అల్యూమినియం సల్ఫేట్, ఏఎల్₂(ఎస్‌ఓ₄)₃ చూడు. సల్ఫర్లు 3, ఆక్సిజన్లు 12. అల్యూమినియం బయటే ఉంది కాబట్టి దానికి తన 2 తప్ప ఇంకేమీ అంటదు.

పైన చిన్నగా రాసే 2+, 3+ లాంటివి విద్యుదావేశాలు, అంటే ఛార్జీలు. వాటిని పరమాణువుల లెక్కలో కలపకు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మధ్యలో పెట్టే చుక్క. మైలుతుత్తాన్ని సియుఎస్‌ఓ₄·5హెచ్₂ఓ అని రాస్తాం. ఆ చుక్క గుణకారం గుర్తు కాదు. స్ఫటికంలో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి అయిదు నీటి అణువులు ఉన్నాయని దాని అర్థం. వేడిచేస్తే ఆ నీళ్లు పోయి నీలం పొడి తెల్లబడుతుంది, నీటి చుక్క వేస్తే మళ్లీ నీలమవుతుంది. ల్యాబ్‌లో అడిగి చేయించుకో.

ఒక్క జాగ్రత్త. సి₂హెచ్₆ఓ అని ఊరికే రాస్తే అది ద్రవంగా ఉండే ఇథనాలో, వాయువుగా ఉండే డైమిథైల్ ఈథరో తెలియదు. అందుకే ఇథనాల్‌ని సి₂హెచ్₅ఓహెచ్ అని విడదీసి రాస్తారు.

మైలుతుత్తం ఫార్ములాలో హైడ్రోజన్లెన్ని, ఆక్సిజన్లెన్ని? లెక్కేసి వచ్చే ఉత్తరంలో పంపు.

ఇట్లు,
పెదనాన్న