టెక్ సందేహాలు: రగ్బీ క్లబ్ మారితే ఖాతా మారదు

క్రికెట్ ఎక్కువగా తెలిసిన మన ఇళ్లలోకి ఇప్పుడు రగ్బీ బంతి కూడా వస్తోంది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, అమెరికాల్లో ఉంటున్న కుటుంబాల పిల్లలు స్కూలు స్నేహితుల వెంట క్లబ్బుల్లో చేరుతున్నారు. ఆట నియమాలు వాళ్లకు కోచ్ చెబుతారు. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం తల్లిదండ్రులే తడబడుతున్నారు. అందుకే ఈ వారం శీర్షికను ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

మేం సిడ్నీలో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయిన సీజన్‌లో మావారి ఈమెయిల్‌తో ఒక క్లబ్‌లో చేర్పించాం. ఇప్పుడు ఇల్లు మారాం. నా ఈమెయిల్‌తో రగ్బీ ఎక్స్‌ప్లోరర్‌లో కొత్త ఖాతా తెరిచి, దగ్గర్లోని క్లబ్‌కి ఫీజు కట్టాను. 'బాబు పేరు రెండుచోట్ల కనిపిస్తోంది, ముందు అది తేల్చుకోండి' అంటున్నారు కొత్త క్లబ్ వాళ్లు. ఏం చెయ్యాలి?

కొత్త ఖాతాను డిలీట్ చెయ్యకండి, మూడోది అసలే తెరవకండి. రగ్బీ ఎక్స్‌ప్లోరర్ మీ క్లబ్ సొంత యాప్ కాదు. ఆస్ట్రేలియా రగ్బీ సంఘం దేశమంతటికీ నడిపే వ్యవస్థ అది. ఆటగాడికి అందులో ఒకే రికార్డు ఉండాలి. క్లబ్ మారినా, ఊరు మారినా ఆ రికార్డు అతని వెంటే వెళ్లాలి. మీరు కొత్త ఈమెయిల్‌తో వివరాలు ఇచ్చేసరికి ఆ వ్యవస్థ మీ బాబుని ఇంకో పిల్లాడనుకుంది.

రెండు ప్రొఫైళ్లను కలపడం మీ చేతిలో ఉండదు, నిర్వాహకులే చెయ్యాలి. కొత్త క్లబ్ రిజిస్ట్రార్‌కి ఒక మెయిల్ రాయండి. బాబు పూర్తి పేరు, పుట్టిన తేదీ, రెండు ఈమెయిళ్లు, పాత క్లబ్ పేరు, ఫీజు రసీదు అన్నీ అందులోనే పెట్టండి. ప్రొఫైళ్లు ఒకటయ్యాక పాత క్లబ్ నుంచి బదిలీ అడగాలి. అక్కడ ఫీజు బాకీ గానీ, తిరిగి ఇవ్వాల్సిన జెర్సీ గానీ ఉంటే బదిలీ ఆగిపోవచ్చు. పాత క్లబ్ వాళ్లకు ముందే ఒక ఫోన్ చేసి మాట్లాడుకుంటే మంచిది.

ఇదంతా కాగితాల తంతు అనుకోవద్దు. ఆస్ట్రేలియా రగ్బీలో తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే రిఫరీ నీలం కార్డు చూపిస్తాడు. ఆ ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగకూడదు. తర్వాత కూడా డాక్టరు సరేననే దాకా ఆడకూడదు. ఆ కార్డు అతని రికార్డులో నమోదవుతుంది. ఒకే పిల్లాడికి రెండు రికార్డులుంటే ఒకదాంట్లో పడిన నీలం కార్డు రెండోదాంట్లో కనిపించదు. పాత క్లబ్‌లో తలకు దెబ్బ తగిలిన సంగతి కొత్త కోచ్‌కి తెలిసే దారే ఉండదు. నేను డూప్లికేట్ ఖాతాల గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం ఇదే.

మన పేర్ల వల్ల ఈ చిక్కు మరింత పెరుగుతోంది. ఇంటిపేరు ముందు రాయడం మనకు అలవాటు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరు మొత్తం గివెన్ నేమ్‌లో పడినవాళ్లు మనలో చాలామంది. ఒక ఏడాది ఇంటిపేరును ఫస్ట్ నేమ్‌గా, మరుసటి ఏడాది లాస్ట్ నేమ్‌గా నింపితే కంప్యూటరుకు ఇద్దరు మనుషులే కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి నిర్ణయించుకుని, ప్రతి ఫారంలోనూ అదే రాయండి. ఈమెయిల్ కూడా అంతే. ఆఫీసుదో స్కూలుదో ఇవ్వకండి. ఉద్యోగం మారిన రోజున ఆ మెయిల్ మూతపడుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు అందులోకే వెళ్తుంది. ఇంట్లో ఇద్దరికీ తెలిసిన ఒక సొంత మెయిల్ పెట్టుకోండి, పిల్లలందరినీ దాని కిందే చేర్చండి.

మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నాను. శనివారం మ్యాచ్‌కి ఒకరు తక్కువయ్యారు, 'ఈ రోజు ఆడెయ్, రిజిస్ట్రేషన్ సోమవారం చేసుకుందువు' అంటున్నాడు కెప్టెన్. ఫర్వాలేదా?

ఆడొద్దు. రిజిస్ట్రేషన్‌లో మీరు కట్టే డబ్బు అంతా క్లబ్‌కే పోదు. అందులో జాతీయ సంఘం ఫీజు, బీమా వాటా, రాష్ట్ర సంఘం వాటా కూడా ఉంటాయి. రిజిస్టర్ కాని ఆటగాడికి ఆ బీమా వర్తించదు. టాకిల్‌లో, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడేసేటప్పుడు, భుజం విరిగితే కెప్టెన్ మాట ఏ ఆసుపత్రి బిల్లునూ కట్టదు.

రిజిస్టర్ అయ్యాక కూడా ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం క్రీడా బీమా మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిధిలోకి వచ్చే వైద్య ఖర్చుల్ని చెల్లించకూడదు. ఫిజియోథెరపీ, దంతవైద్యం లాంటి మెడికేర్ పరిధిలో లేని ఖర్చులకే ఆ బీమా పనికొస్తుంది. విదేశీ విద్యార్థిగా మీకు మెడికేర్ ఉండదు, వీసా కోసం మీరు తీసుకున్న విద్యార్థి ఆరోగ్య బీమాయే అండ. కాబట్టి ఆ పాలసీ తెరిచి క్రీడల గాయాల గురించి, అంబులెన్స్ గురించి ఏముందో ఇవాళే చదవండి. డబ్బు కట్టినట్టు వచ్చిన మెసేజ్‌ని రిజిస్ట్రేషన్ పూర్తయినట్టు అనుకోకండి. యాప్‌లో మీ పేరు పక్కన రిజిస్టర్డ్ అని కనిపించాకే గ్రౌండ్‌లో దిగండి. ఈ సారికి మీ జట్టు ఒకరు తక్కువగా ఆడినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంగ్లండ్‌లో ఎంఎస్సీ చేస్తున్నాను. దగ్గర్లో ఉన్న క్లబ్‌లో చేరదామంటే పిచెరోలో సభ్యత్వం కట్టమన్నారు, మళ్లీ జీఎంఎస్‌లో రిజిస్టర్ అవ్వమన్నారు. రెండూ ఎందుకు? హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఆడాను, ఆ సంగతి చెప్పాలా?

అపార్ట్‌మెంట్ సంఘానికి చందా కట్టడం వేరు, ఓటర్ల జాబితాలో పేరుండడం వేరు కదా. ఇదీ అంతే. సభ్యత్వం మీకూ క్లబ్‌కీ మధ్య వ్యవహారం. దాన్ని క్లబ్ పిచెరో అనే క్రీడా క్లబ్బుల వెబ్‌సైట్‌లో నడుపుకోవచ్చు, ఇంకోచోట నడుపుకోవచ్చు. జీఎంఎస్ అంటే గేమ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. అది ఇంగ్లండ్ రగ్బీ సంఘం ఆర్‌ఎఫ్‌యూది. లీగ్ మ్యాచ్‌లలో ఆడే అర్హత అక్కడ నమోదవుతుంది. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేయకండి.

హైదరాబాద్‌లో ఆడిన సంగతి తప్పకుండా చెప్పండి. ఒక దేశపు సంఘంలో నమోదైన ఆటగాడు మరో దేశంలో ఆడాలంటే పాత సంఘం నుంచి క్లియరెన్స్ కావాలి. ఇది ప్రపంచ రగ్బీ సంఘం నాలుగో రెగ్యులేషన్‌లో ఉన్న నిబంధన. అక్కడ రిజిస్టర్ అయ్యారో లేదో గుర్తులేకపోతే అప్పటి కోచ్‌ని అడిగి కనుక్కోండి. దాచిపెట్టి ఆడితే చిక్కుల్లో పడేది క్లబ్ కూడా.

మీరు అడగకపోయినా వీసా గురించి ఒక మాట చెప్పాలి. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెషనల్ క్రీడాకారులుగా పనిచెయ్యకూడదు. ఆ నిర్వచనం చాలా విశాలమైనది. సరదాగా ఆడటానికి అభ్యంతరం లేదు. కానీ ఏ క్లబ్ అయినా మ్యాచ్‌కింత ఇస్తామంటేనో, కోచింగ్‌కి డబ్బిస్తామంటేనో ఒప్పుకునే ముందు యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని అడగండి. కొన్ని వందల పౌండ్ల కోసం చదువును పణంగా పెట్టొద్దు.

టెక్సస్‌లో మా అమ్మాయి జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా సాయం చేస్తున్నాను. సభ్యత్వానికి డబ్బు కట్టి చాలా రోజులైంది, ఇంకా పెండింగ్ అనే ఉంది. యాప్ పాడైందా?

యాప్ బాగానే ఉండి ఉంటుంది. అమెరికా రగ్బీ సంఘం కూడా ఇప్పుడు రగ్బీ ఎక్స్‌ప్లోరర్‌నే వాడుతోంది. పిల్లలతో పనిచేసే పెద్దవాళ్లకు డబ్బు ఒక్కటే సరిపోదు. నేపథ్య తనిఖీ పూర్తవ్వాలి, సేఫ్‌స్పోర్ట్ ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చెయ్యాలి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి తెచ్చిన చట్టం 2018లో అమల్లోకి వచ్చింది, ఈ శిక్షణ దానికి సంబంధించినదే. గంటన్నర పడుతుందని విసుక్కోకండి. మీ అమ్మాయి చుట్టూ ఉండే ప్రతి పెద్ద మనిషీ అది చదివాడన్న భరోసా మీకూ కావాలి కదా.

అన్నీ పూర్తిచేసినా పెండింగే ఉంటే మూడు విషయాలు చూడండి. సేఫ్‌స్పోర్ట్ ఖాతా, రగ్బీ ఖాతా ఒకే ఈమెయిల్‌తో ఉన్నాయా? పేరు సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టే ఉందా? పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేనివాళ్లకు అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఒక ఫారంలో అలా, ఇంకో ఫారంలో మామూలుగా రాస్తే తనిఖీ అక్కడే ఆగిపోతుంది. మూడోది పుట్టిన తేదీ. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. జులై 4ను మన పద్ధతిలో 04/07 అని కొడితే ఏప్రిల్ 7 అవుతుంది. పన్నెండు లోపు అంకెలు కాబట్టి యాప్ తప్పనీ చెప్పదు. అమ్మాయి ఖాతాలో కూడా ఒకసారి చూడండి. ఆమె ఏ వయసు జట్టులో ఆడాలో తేల్చేది ఆ తేదీయే.

2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడినప్పట్నుంచీ మా తమ్ముడికి రగ్బీ పిచ్చి పట్టుకుంది. వాట్సాప్‌లో 'ట్రయల్స్ రిజిస్ట్రేషన్' అని ఒక లింకు వచ్చింది. ఆధార్ ఫొటో, యూపీఐలో ఫీజు పంపమంటున్నారు. నమ్మవచ్చా?

పంపకండి. మన దేశంలో ఈ ఆటకు జాతీయ సంఘం రగ్బీ ఇండియా, దాని కింద రాష్ట్ర సంఘాలు ఉంటాయి. రగ్బీ ఇండియా వెబ్‌సైట్‌ని మీరే బ్రౌజర్‌లో వెతికి తెరవండి, ఫార్వర్డ్ అయిన లింకు ద్వారా వెళ్లకండి. అక్కడి నుంచి రాష్ట్ర సంఘం వివరాలు తీసుకుని, ఈ ట్రయల్స్ నిజమేనా అని ఫోన్ చేసి అడగండి. డబ్బు వ్యక్తిగత నంబరుకు వెళ్తోందంటే అక్కడితో ఆపేయండి. వయసు రుజువు ఎప్పుడైనా ఇవ్వాల్సివస్తే ఆధార్ సంస్థ ఇచ్చే మాస్క్‌డ్ ఆధార్ ఒప్పుకుంటారేమో ముందు అడగండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఇప్పటికే ఫీజు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యండి, బ్యాంకుకీ చెప్పండి.

ఈలోగా తమ్ముడిని ఖాళీగా కూర్చోబెట్టకండి. ప్రపంచ రగ్బీ సంఘం పాస్‌పోర్ట్ అనే వెబ్‌సైట్‌లో ఆట నియమాలు, సురక్షితంగా ఆడే పద్ధతి, తలకు దెబ్బ తగిలితే ఏం చెయ్యాలి అన్న పాఠాలు ఉచితంగా పెట్టింది. ఒక ఖాతా తెరిస్తే చాలు. దాన్ని తన సొంత ఈమెయిల్‌తోనే తెరవమనండి.